పద్యనాటకం సినిమాగా వస్తుందా? అభిమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

పడక సీను, రాయబారం, కాటి సీను, తులాభారం. పద్యనాటకాల్లోని ఈ సీన్ల పేర్లు వినగానే చెవులు నిక్కబొడుచుకునే వాళ్ళ కోసం రాసినవి ఇవి. పద్యనాటకాన్ని పద్యాలతో, రాగాలతో సహా ఇవాళ్టి తెర మీద చూడాలని మనలో చాలామందికి ఉంది. నాటక పరిషత్తుల పోటీల దగ్గర, టీ కొట్టు దగ్గర, వాట్సాప్ గ్రూపుల్లో ఆ మాట ఎత్తితే చాలు, అవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. ఒక అభిమానిగా నాకు తోచిన జవాబులు చెబుతున్నాను. ఒప్పుకోని వాళ్ళు వాదనకు దిగొచ్చు, నాటకాల వాళ్ళకు అది కొత్తేమీ కాదు.

పౌరాణిక సినిమాలు బోలెడున్నాయి. మళ్ళీ కొత్తగా ఏం కావాలి?

కథ కాదు కావలసింది. భారతం కథ తెలియక ఎవరూ నాటకానికి వెళ్ళరు. రాయబారం విఫలమవుతుందనీ, యుద్ధం తప్పదనీ ముందు వరసలో కూర్చున్న పిల్లాడికి కూడా తెలుసు. అయినా తెల్లవార్లూ కూర్చునేది ఆ పద్యం ఈ రాత్రి ఈ నటుడు ఎలా పాడతాడో విందామని. సినిమాలు కథను తీసుకున్నాయి, పాత్రలను తీసుకున్నాయి, పద్యాన్ని కొంతవరకూ తీసుకున్నాయి. ఆ వినడంలో ఉన్న ఉత్కంఠను మాత్రం వదిలేశాయి. అది తెర మీదికి రావాలన్నదే మన కోరిక.

అసలు తెలుగు సినిమా పుట్టిందే నాటకం నుంచి కదా?

అవును. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు ఆధారం ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం. నటీనటుల్లో సురభి నాటక సమాజం వాళ్ళున్నారు. పాటలు రాసిన చందాల కేశవదాసు ఖమ్మం ప్రాంతం వాడు, అప్పటికే నాటకాలకు పేరు మోసిన రచయిత. ‘భలే మంచి చౌకబేరము’ ఆయన స్టేజీ కోసం రాసిన పాటే. తర్వాత ఎన్నో ఏళ్ళకు అది తెర మీదికి వచ్చింది. తొలి రోజుల్లో మైకు ముందు నిలబడి పాడగలిగే వాళ్ళు కావాలి, వాళ్ళు దొరికేది నాటక సమాజాల్లోనే. ప్లేబ్యాక్ వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. పాడే నటుడు వేరు, నటించే నటుడు వేరు అయ్యారు. మనం పోగొట్టుకున్నది ఆ మలుపులోనే అని నా అభిప్రాయం.

పాత సినిమాల్లో పద్యాలు ఉన్నాయిగా, అవి చాలవా?

అవి గొప్పవి, అందులో పేచీ లేదు. 1966 నాటి ‘శ్రీకృష్ణ తులాభారం’లో ‘మీరజాలగలడా’ వింటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ముత్తరాజు సుబ్బారావు నాటకంలో సత్యభామ వేషం కట్టిన స్థానం నరసింహారావు ఊరూరా పాడి నిలబెట్టిన పాట అది. సినిమాలో జమున కోసం సుశీల పాడారు. 1967 నాటి ‘శ్రీకృష్ణావతారం’లో రామారావు గారి రాయబారం, ఘంటసాల గొంతులో తిరుపతి వేంకట కవుల పద్యాలు ఎవరు మరిచిపోతారు?

కానీ ఘంటసాల గారి పద్యం సినిమా కోసం చెక్కిన పద్యం. ప్రతి మాట స్పష్టంగా వినపడాలి, భావానికి తగినంతే రాగం ఉండాలి, సీను ఆగకూడదు. ఆ కొలతలో ఆయన్ని మించినవాడు లేడు. స్టేజీ పద్యం కొలత అది కాదు. అక్కడ సీను ఆగితేనే పద్యం మొదలైనట్టు. ఒకటి ఉంది కాబట్టి రెండోది అక్కర్లేదనడం నాకు నచ్చదు.

స్టేజీ మీద పద్యం అంతసేపు ఎందుకు?

రాయబారంలో కృష్ణుడు పాడే ‘జెండాపై కపిరాజు’ తీసుకోండి. ఛందస్సు శార్దూలం. పాదానికి 19 అక్షరాలు, నాలుగు పాదాలకు 76. మామూలుగా చదివితే అర నిమిషం. స్టేజీ మీద మంచి పాటగాడైతే నాలుగైదు నిమిషాలు తీసుకుంటాడు. ముందు హార్మోనిస్టు శ్రుతి అందిస్తాడు. కృష్ణుడు మైకు దగ్గరికి వచ్చి, పై షడ్జం మీద ‘జెండాపై’ అని ఎత్తుకుంటాడు. ఆ ఎత్తుగడకే సగం చప్పట్లు. రెండో పాదం చివర కాస్త రాగం. అక్కడ హార్మోనియం అతని సంగతిని, అంటే రాగంలో అతను వేసిన మెలికను, పట్టుకుని తిరిగి వాయించాలి. హార్మోనిస్టు చేతగానివాడైతే మైదానమంతా అక్కడే పసిగట్టేస్తుంది. మూడో పాదం వేగంగా వెళ్ళిపోతుంది. చివరి పాదంలో ‘సంధింపగన్’ దగ్గర ఆ ‘న్’ మీదికి వచ్చేలోపు ఎన్ని మెలికలు తిప్పుతాడో, ఎక్కడ ఊపిరి పీల్చుకుంటాడో చూడటానికే కదా జనం వచ్చింది.

అదంతా తెర మీద పెడితే బోరు కొట్టదా?

నిర్మాతలు మొదట అడిగే ప్రశ్న ఇదే, న్యాయమైన ప్రశ్న కూడా. స్టేజీ మీద కృష్ణుడు దుర్యోధనుడితో మాట్లాడుతూ జనం వైపు తిరిగి పాడతాడు. వెనక కూర్చున్న దుర్యోధనుడు, కర్ణుడు, శకుని ఆ ఐదు నిమిషాలూ గదలు పట్టుకుని బొమ్మల్లా ఉంటారు. కొందరైతే మధ్యలో మంచినీళ్ళు తాగి వస్తారు. దీన్ని ఉన్నదున్నట్టు కెమెరాతో తీస్తే నిజంగానే బోరు.

అయితే సినిమాకు ఒక వరం ఉంది, వింటున్న వాడి మొహం చూపించగలదు. ‘అలుగుటయే యెరుంగని’ పద్యంలో, కోపమంటే ఏమిటో తెలియని ధర్మరాజుకే కోపం వస్తే కర్ణులు పదివేల మంది ఉన్నా చచ్చిపోతారు అంటాడు కృష్ణుడు, ఆ కర్ణుడి ఎదుటే. స్టేజీ మీద ఆ క్షణంలో కర్ణుడిని ఎవరూ చూడరు, అందరి కళ్ళూ పాడేవాడి మీదే. అదే సినిమాలో రాగం కృష్ణుడి గొంతులో సాగుతుండగా కెమెరా కర్ణుడి మీద నిలబడితే? మిత్రుడి ముందు పరువు పోతున్నా నోరు మెదపకూడని మనిషి మొహం అది. అక్కడి నుంచి ధృతరాష్ట్రుడి మీదికి వెళ్తే, ఏమీ కనపడక వినడం ఒక్కటే మిగిలిన తండ్రి. అప్పుడా ఆలాపన ఒక్క క్షణం కూడా ఎక్కువ అనిపించదు. తీసేవాడికి ఆ చూపు ఉండాలి, అంతే.

మొత్తం నాటకం తీయాలా, ఒక సీను చాలా?

నన్నడిగితే ఒక్క సీను చాలు. కురుక్షేత్రం అని మనం రాత్రంతా చూసేది తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగం’, ‘పాండవ విజయం’ నాటకాలను కలిపి కుట్టినది. మొత్తం తీయబోతే మళ్ళీ భారతం సినిమా అవుతుంది, మళ్ళీ సెట్లు, సైన్యాలు, గ్రాఫిక్స్. రాయబారం ఒక్కటి తీస్తే ఒకే సభ, పది మంది నటులు, గంటన్నర. హరిశ్చంద్రుడి కాటి సీనుకైతే ఇంకా తక్కువ చాలు. కాష్ఠం, కాపరి, బిడ్డ శవాన్ని మోసుకొచ్చిన తల్లి. ఇంతకంటే చవకైన సెట్ ఎక్కడుంది? ఇంతకంటే బరువైన సీను కూడా లేదు.

కురుక్షేత్రంలో ముగ్గురు కృష్ణులుంటారు కదా. సినిమాలో ఎలా?

బయటివాళ్ళకు వింతగా అనిపించే సంగతి ఇది. పడక సీనుకు ఒకరు, రాయబారానికి ఒకరు, యుద్ధానికీ గీతోపదేశానికీ ఇంకొకరు. కాంట్రాక్టరు పెద్ద పాటగాళ్ళను ముగ్గురినీ ఒకే రాత్రి దించితే పోస్టర్ మీద ఆ పేర్లే పెద్ద అక్షరాల్లో ఉంటాయి. ఒకాయన ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ పాడి దిగిపోతే, ఇంకొకాయన రాయబారానికి ఎక్కుతాడు. జనానికి ఏ ఇబ్బందీ ఉండదు, పైగా పోలిక పెట్టుకుంటారు. సినిమాలోనూ ముగ్గురిని పెట్టమని అడిగే వీరాభిమానులున్నారు. ధైర్యం ఉన్న దర్శకుడైతే పెట్టొచ్చు. ఒక్క సీనే తీస్తే ఈ తలనొప్పే ఉండదు.

స్టార్ హీరో లేకుండా ఎవరు చూస్తారు?

పాడలేని స్టార్‌ను పెట్టి, వెనక ఎవరో పాడితే మనం మళ్ళీ మొదటికే వస్తాం. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు లాంటి వాళ్ళు కృష్ణుడిగా వచ్చినప్పుడు జనం విరగబడింది వాళ్ళ గొంతు కోసమే. ఈలపాట రఘురామయ్య స్టేజీ నుంచి సినిమాకు వెళ్ళినా గొంతును వదిలిపెట్టలేదు. అలాంటి నటుడు, గాయకుడు ఒక్కడే అయిన మనిషి కావాలి. పరిషత్తుల్లో ఇప్పటికీ ఉన్నారు. చిక్కేమిటంటే, చాలామంది వయసు మీద పడినవాళ్ళు. యాభై అడుగుల దూరం నుంచి కృష్ణుడిలా కనిపించే మొహం క్లోజప్‌లో కనిపించదు. అందుకని పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకుంటున్న పాతికేళ్ళ, ముప్పై ఏళ్ళ కుర్రాళ్ళను వెతకాలి. స్టార్ కావాల్సిందే అంటే దుర్యోధనుడి వేషం ఇవ్వండి. వినడం, మొహంతో నటించడం అతని పని. అది మన హీరోలు బాగానే చేస్తారు.

పద్యాలు స్టూడియోలో పాడించాలా, సెట్‌లోనేనా?

సెట్‌లోనే. 2012లో వచ్చిన ‘లె మిజరాబ్లే’ సినిమాలో నటులంతా కెమెరా ముందే పాడారు. చెవిలో చిన్న ఇయర్‌పీసులో పియానో వినిపిస్తుంటే, వాళ్ళు తమ వేగంలో, తమ ఊపిరితో పాడారు. ఆర్కెస్ట్రాను తర్వాత కలిపారు. ఆ సినిమాలో కొన్ని గొంతులు బాగోలేవన్న విమర్శలూ వచ్చాయి. మన పద్యానికి మాత్రం ఈ పద్ధతి అతికినట్టు సరిపోతుంది. ఎందుకంటే పద్యానికి తాళం లేదు, పాడేవాడి ఇష్టమే లెక్క. ముందే రికార్డు చేసిన రాగానికి పెదవులు కదిపితే ఆ నకిలీ ఇట్టే తెలిసిపోతుంది. మెడలో నరం ఉబ్బడం, కళ్ళు చెమర్చడం ప్లేబ్యాక్‌లో రావు. హార్మోనిస్టును కెమెరాకు కనిపించకుండా పక్కనే కూర్చోబెడితే చాలు.

నాటకాన్నే నాలుగు కెమెరాలతో తీసి ఓటీటీలో పెడితే సరిపోదా?

అమెరికా వాళ్ళు ‘హామిల్టన్’ అనే సంగీత నాటకం విషయంలో అదే చేశారు. 2016 జూన్‌లో థియేటర్‌లో తీసిన ప్రదర్శన 2020 జులై 3న డిస్నీ ప్లస్‌లో వచ్చింది. లోకమంతా చూసింది. అసలైన సినిమాగా తీయండి అని అక్కడి అభిమానులు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు, మనలాగే. మన దగ్గర యూట్యూబ్‌లో నాటకాల రికార్డింగులకు కొదవ లేదు. కానీ సౌండ్ ఘోరం. మైకు గరగర, జనరేటర్ మోత, వెనక పిల్లల గోల. కనీసం మంచి సౌండ్‌తో ఒక్క పరిషత్తు ప్రదర్శన తీసినా సగం కోరిక తీరినట్టే. మిగతా సగానికి సినిమా కావాలి.

వేరే భాషల్లో ఎవరైనా ఇలాంటి పని చేసి నెగ్గారా?

మరాఠీవాళ్ళు నెగ్గారు, మనం ముందుగా చూడాల్సింది వాళ్ళ వైపే. వాళ్ళకూ మనలాగే సంగీత నాటకాల సంప్రదాయం ఉంది. పురుషోత్తం దార్వేకర్ రాసిన ‘కట్యార్ కాళజాత్ ఘుసలీ’ 1967లో స్టేజీ ఎక్కింది. జితేంద్ర అభిషేకి సంగీతం, ఖాన్‌సాహెబ్ పాత్రలో వసంతరావ్ దేశ్‌పాండే. రెండు ఘరానాల, అంటే రెండు గాన సంప్రదాయాల, గాయకుల మధ్య పంతం కథ. 2015లో సుబోధ్ భావే దాన్ని సినిమాగా తీశాడు.

అతను చేసిన పనుల్లో మూడు మనకు పనికొస్తాయి. మొదటిది, సినిమాకు ముందే నాటకాన్ని స్టేజీ మీద మళ్ళీ బతికించారు. అందులో వసంతరావ్ మనవడు రాహుల్ దేశ్‌పాండే, మహేశ్ కాళే పాడారు. సినిమాలో ఆ గొంతులే వినపడ్డాయి. రెండోది, పాత పాటలను అలాగే ఉంచి, పక్కన శంకర్-ఎహసాన్-లాయ్‌తో కొత్త పాటలు చేయించారు. పాత శ్రోత, కొత్త శ్రోత ఇద్దరూ హాలుకు వచ్చారు. మూడోది, సంగీత పోటీనే కథకు వెన్నెముక చేశారు. అందుకే పాట వచ్చినప్పుడు ఎవరూ బయటికి లేచి వెళ్ళలేదు. గాయకుడు శంకర్ మహదేవన్ స్వయంగా పండిత్‌జీ పాత్ర వేశాడు. మహేశ్ కాళేకు జాతీయ అవార్డు వచ్చింది. 2025 జనవరిలో అదే దర్శకుడు ఖాడిల్కర్ 1911 నాటి నాటకం ఆధారంగా ‘సంగీత్ మానాపమాన్’ కూడా తెచ్చాడు.

మనకు సురభి ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలై ఇన్ని తరాలుగా ఆడుతోంది. పరిషత్తులున్నాయి. నంది నాటకోత్సవాల్లో పద్యనాటకానికి విడిగా విభాగం ఉంది. సరుకు లేదని ఎవరూ అనలేరు.

సినిమాలో వన్స్‌మోర్ ఉంటుందా?

థియేటర్‌లో ప్రొజెక్టర్ ఆపి వెనక్కి తిప్పరు కాబట్టి ఉండదు. కానీ ఒక ఆశ. ఒకే పద్యాన్ని రెండుసార్లు, రెండోసారి వేరే రాగంలో పెట్టే దమ్ము ఎవరికైనా ఉంటే పండగే.

హక్కులు ఎవరివి? ఎవరైనా తీసుకోవచ్చా?

మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన తర్వాతి ఏడాది మొదలుకుని 60 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది. ఇద్దరు కలిసి రాస్తే ఆఖరున పోయినవారి నుంచి లెక్క. తిరుపతి వేంకట కవుల్లో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి 1950లో కన్నుమూశారు. అంటే 2010తో గడువు తీరింది. ‘సత్య హరిశ్చంద్ర’ రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం 1953లో పోయారు, ఆ నాటకం 2013తో అందరిదీ అయింది.

ఇక్కడే ఒక మెలిక. కాటి సీనులో జనం ఎదురుచూసే పద్యాలు చాలావరకు బలిజేపల్లివి కావు, గుర్రం జాషువా ‘శ్మశానవాటి’లోవి. ‘ఇచ్చోటనే’ అని హరిశ్చంద్రుడు ఎత్తుకుంటే మైదానం మొత్తం నిశ్శబ్దమైపోతుంది. నటులు వాటిని నాటకంలో కలుపుకుని పాడీ పాడీ, అవి నాటకంలోవే అనుకునేంతగా అతుక్కుపోయాయి. జాషువా 1971లో చనిపోయారు. 2031 చివరి దాకా ఆ పద్యాలకు కాపీరైట్ ఉంది. కాటి సీను తీసేవాళ్ళు అనుమతి తీసుకోవాలి, డబ్బు కట్టాలి, టైటిల్స్‌లో ఆయన పేరు పెద్దగా వెయ్యాలి. ఊళ్ళలో పోస్టర్ల మీద ఆ పేరు దాదాపు ఎప్పుడూ కనపడదు. ఆ బాకీ సినిమా అయినా తీర్చాలి. పాత సినిమాల రికార్డింగుల సంగతి వేరు, అవి ఆయా కంపెనీల చేతిలో ఉంటాయి.

‘సత్య హరిశ్చంద్ర’ సినిమా ఆడలేదు కదా, మళ్ళీ ఎందుకు?

1965లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో రామారావు గారితో విజయా వాళ్ళు తీసిన తెలుగు సినిమా ఆడలేదు, నిజమే. అదే ఏడాది రాజ్‌కుమార్‌తో వచ్చిన కన్నడ ‘సత్య హరిశ్చంద్ర’ మాత్రం ఘనవిజయం. 2008లో రంగులద్ది మళ్ళీ విడుదల చేస్తే అప్పుడూ జనం వచ్చారు. కాబట్టి తప్పు కథది కాదు. స్టేజీ మీద ఆ సీనును అన్నేళ్ళు, అంత గట్టిగా విన్న తెలుగువాడికి తెర మీద అది పలచగా అనిపించిందని నా ఊహ.

‘చింతామణి’ తీయొచ్చా?

కష్టం. వేశ్యావృత్తి కొంపలు కూల్చడం గురించి కాళ్ళకూరి నారాయణరావు రాసిన సంస్కరణ నాటకం అది. 1956లో భానుమతి, రామారావులతో సినిమా కూడా వచ్చింది. కానీ ఊళ్ళలో ఆడీ ఆడీ సుబ్బిశెట్టి అనే వైశ్యుడి పాత్రకు బూతు హాస్యం చేర్చారు. ఆర్యవైశ్యులు తమను కించపరుస్తున్నారని ఏళ్ళ తరబడి బాధపడ్డారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రదర్శనను నిషేధించింది, ఆ గొడవ కోర్టుకెక్కింది. ఎవరైనా మూల గ్రంథానికే కట్టుబడి, కథానాయకుడు బిల్వమంగళుడి పతనం మీద దృష్టి పెట్టి తీస్తే చూడాలని ఉంది. మొదటి సినిమాగా మాత్రం వద్దు.

ఆడవేషాలు మగవాళ్ళే వెయ్యాలా?

అక్కర్లేదు. స్థానం వారి సత్యభామ, బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రి గారి చింతామణి చరిత్రలో నిలిచిపోయాయి. స్థానం వారికి 1956లో పద్మశ్రీ వచ్చింది. కానీ సురభిలో ఆడపాత్రలు ఆడవాళ్ళే వేశారు, బ్రహ్మాండంగా పాడారు. చంద్రమతిగా పాడగలిగిన నటి దొరికితే అంతకంటే ఏం కావాలి.

ఈ కాలం పిల్లలకు పద్యం అర్థమవుతుందా?

వాళ్ళు ర్యాప్ వింటున్నారు, అందులో సగం మాటలు అర్థం కాకుండానే. పద్యం పాడుతున్నప్పుడు తెర కింద తెలుగులోనే, సంధులు విడదీసి, మాట మాటా పడేలా వేస్తే చాలు. ‘కురుక్ష్మానాథ’ అంటే కౌరవ రాజు అని ఒకసారి కళ్ళతో చదివితే రెండోసారి చెవికే తెలుస్తుంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ కూడా ఉంటే అమెరికాలో పుట్టిన పిల్లలకు మేలు. అక్కడి తెలుగు సంఘాల సభల్లో కృష్ణుడి వేషం కట్టి పద్యం పాడే పిల్లలున్నారు, వాళ్ళ తోటివాళ్ళకు అదేమిటో చెప్పేవాళ్ళే లేరు.

పాత మహానుభావుల గొంతులను ఏఐతో తెప్పిస్తే?

వద్దు.

యక్షగానం, వీధినాటకం, చిందు భాగవతం కూడా ఇందులోకి వస్తాయా?

అవి వేరే కళలు. వాటి ఆట, తాళం, భాష వేరు. వాటి మీద సినిమాలు రావాలి, కానీ ఈ లెక్కలో కలపొద్దు. ఇక 2023లో వచ్చిన ‘రంగమార్తాండ’ గురించి అడుగుతుంటారు. అది నటుడి జీవితం మీద సినిమా, పద్యనాటకం కాదు.

సినిమా వచ్చేదాకా ఏం చేయాలి?

పరిషత్తు పోటీలు ఎక్కడ జరుగుతున్నాయో కనుక్కుని వెళ్ళండి. చాలాచోట్ల టికెట్ ఉండదు, హాలు సగం ఖాళీగా ఉంటుంది. సినిమా తీసే స్నేహితుడెవరైనా ఉంటే వెంట తీసుకెళ్ళండి, మనం చెప్పే వంద మాటల కంటే ఒక్క మంచి పద్యం ఎక్కువ పని చేస్తుంది. మొదటి వరసలో మధ్యన కూర్చోవద్దు, అక్కడ మైకు స్టాండు అడ్డం వస్తుంది. హార్మోనిస్టు కనిపించే వైపు చూసుకుని, మూడో వరసలో కూర్చోండి.